కొత్తగా తెచ్చుకున్న పిల్లికూనకు వాంతులు: డాక్టరుకు చూపించాలా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు సెల్లారులో తల్లి లేకుండా తిరుగుతున్న ఒక పిల్లికూనను మా పిల్లలు పోయిన ఆదివారం ఇంటికి తెచ్చారు. వయసు రెండు నెలలు ఉండవచ్చు. మేము శాకాహారులం కాబట్టి మొదట పాలు, బ్రెడ్డు, పెరుగన్నం పెట్టాము. తరువాత పిల్లల పోరు పడలేక డ్రై ఫుడ్ పొట్లం ఒకటి కొన్నాము. మూడవ రోజు నుంచి రోజుకు ఒకటి రెండుసార్లు వాంతి చేసుకుంటోంది. మొదట విరిగిన పాలలా పడింది. నిన్న పొద్దున పసుపుపచ్చని నురగ పడింది, అందులో సేమ్యా పోగు లాంటిది ఒకటి కదిలింది. వాంతి అయ్యాక మళ్ళీ మామూలుగానే ఆడుకుంటోంది. పిల్లులన్నాక కక్కుతాయి, వదిలేయమని మా అత్తగారు అంటున్నారు. మందుల షాపు అతను చిన్నపిల్లలకు వేసే వాంతుల సిరప్పు ఇచ్చాడు గానీ ఇంకా వేయలేదు. డాక్టరుకు చూపించాల్సిందేనా? మా పిల్లలు దానిని ఎత్తుకుని తిరుగుతున్నారు, వాళ్ళకేమైనా ప్రమాదమా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: చూపించవలసిందే. ఈ రోజు సాయంత్రంలోగా వీలైతే సరి, కాకపోతే రేపు పొద్దున్నే తీసుకువెళ్ళండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే పాలు పడకపోవడం, కడుపులో పురుగులు ఉండడం అనే రెండు కారణాలూ ఇక్కడ కలిసి ఉన్నాయని నాకు అనిపిస్తోంది. ఆ రెండూ తేలికగా నయమయ్యేవే. అయితే టీకాలు పడని, ఎక్కడ పుట్టిందో తెలియని కూన విషయంలో ప్రాణం మీదికి తెచ్చే మూడవ కారణాన్ని కూడా మనసులో పెట్టుకోవాలి, అది ఉందో లేదో చేత్తో పట్టుకుని పరీక్షించినవారు మాత్రమే చెప్పగలరు. మందుల షాపులో ఇచ్చిన సిరప్పును మాత్రం వేయకండి. ఇంతవరకు వేయకుండా ఆగడం మంచిదయింది. మనుషుల వాంతుల మందుల్లో కొన్ని పేగుల కదలికను పెంచుతాయి, ఒకవేళ కూన పేగులో ఏదైనా అడ్డుపడి ఉంటే ఆ మందు మేలు చేయకపోగా పేగు చిరిగే పరిస్థితి తెస్తుంది. పైగా వాంతి ఆగిపోతే ఇంట్లోవారు నిశ్చింతగా ఉండిపోతారు, లోపలి జబ్బు మాత్రం దాని పని అది చేసుకుపోతుంది.

మీ అత్తగారి మాట పెద్ద పిల్లుల విషయంలో కొంతవరకు నిజమే. ఒళ్ళు నాక్కునేటప్పుడు మింగిన వెంట్రుకలను అవి ఉండలుగా కక్కుతాయి, పెరట్లో గడ్డి నమిలి కక్కే పిల్లిని ఆవిడ ఎన్నోసార్లు చూసే ఉంటారు. కానీ రెండు నెలల కూన కడుపులో ఉండకట్టేటంత వెంట్రుక చేరదు, కాబట్టి ఆ సమాధానం ఇక్కడ సరిపోదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ వయసు కూన సుమారు 700 నుంచి 900 గ్రాముల బరువు ఉంటుంది. అంత చిన్న ఒంటిలో నీటికీ చక్కెరకూ నిల్వ అంటూ ఏమంత ఉండదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి ఒక పూట తినకపోయినా తట్టుకుంటుంది గానీ, కూన వరుసగా రెండు పూటలు తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి, ఒళ్ళు చల్లబడి, చూస్తూ ఉండగానే వాలిపోవచ్చు. మన ఇళ్ళల్లో కడుపు పాడైతే లంఖణం పరమౌషధం అంటారు, దానిని మాత్రం పిల్లికూన మీద ప్రయోగించకండి.

ఎన్నిసార్లు వాంతి అయిందన్న లెక్క కన్నా, రెండు వాంతుల మధ్య కూన ఎలా ఉందన్నది నాకు ముఖ్యం. మీ కూన ఆడుకుంటోందని రాశారు, అది మంచి గుర్తు. ఆడుకోవడం మానేసి మంచం కిందో బీరువా వెనకో దూరి పిలిచినా రాకపోయినా, కొన్ని గంటల్లోనే మూడు నాలుగుసార్లు వాంతి చేసుకున్నా, తాగిన నీళ్ళు కూడా నిలవకపోయినా, వాంతితో పాటు నీళ్ళ విరేచనాలు మొదలైనా, వాంతిలో గానీ మలంలో గానీ రక్తం కనిపించినా, కడుపు బిగుసుకుని ముట్టుకుంటే అరుస్తున్నా రేపటి దాకా ఆగవద్దు, అది అర్ధరాత్రి అయినా సరే. పై పెదవిని కొద్దిగా ఎత్తి చిగురు మీద వేలు ఆనించి చూడండి. ఆరోగ్యమైన చిగురు లేత గులాబి రంగులో, తడిగా, జారుడుగా ఉంటుంది. వేలికి అంటుకుంటూ జిగటగా ఉంటే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం, తెల్లగా పాలిపోయి ఉంటే పరిస్థితి ఇంకా తీవ్రమైనదని అర్థం. చెవులు, పాదాలు చల్లగా తగలడం కూడా చెడ్డ గుర్తే. జ్వరం చూసేవారికి ఒక మాట: మనకు జ్వరమనిపించే 101 డిగ్రీల ఫారెన్‌హీట్ పిల్లికి మామూలు వేడి, 99 కన్నా కిందికి పడితేనే కూన విషయంలో ఎక్కువ కంగారు పడాలి.

ఇక పాల సంగతి. పిల్లికి పాలు పోయడం మనకు ఎంత అలవాటంటే, అవి దానికి పడవంటే చాలామంది నమ్మరు. తల్లి పాలు మానే వయసు వచ్చేసరికి కూన పేగుల్లో పాలలోని చక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది. ఆవు పాలలో, గేదె పాలలో ఉండే ఆ చక్కెర అరగక పేగులోనే పులిసి, గ్యాసు, విరేచనాలు, కొన్నిటికి వాంతులు తెస్తుంది. పొద్దున లేవగానే గిన్నెడు పాలు ఆబగా తాగి పావుగంటలో విరిగిన ముద్దలుగా కక్కడం, మీరు చెప్పిన మొదటి వాంతుల తీరుకు సరిగ్గా సరిపోతోంది. కాబట్టి ఈ పూట నుంచే పాలు, పాలలో నానేసిన బ్రెడ్డు ఆపేయండి. పెరుగన్నం విషమేమీ కాదు గానీ, అది కూనకు తిండి కాదు. పిల్లి పూర్తిగా మాంసాహార జీవి. టారిన్ అనే పదార్థాన్ని అది తన ఒంట్లో కావలసినంత తయారు చేసుకోలేదు, మాంసం నుంచే తెచ్చుకోవాలి. నెలల తరబడి అది అందని పిల్లికి గుండె కండరం బలహీనపడుతుంది, చూపు కూడా పోతుంది. మీరు శాకాహారులు కాబట్టి ఇంట్లో మాంసం వండలేరు, వండనక్కరలేదు కూడా. కూనల కోసమని పొట్లం మీద స్పష్టంగా రాసి ఉన్న తిండిలో దానికి కావలసినవన్నీ ఉంటాయి. పెద్ద పిల్లుల పొట్లం, కుక్కల పొట్లం తెచ్చి ఉంటే మాత్రం మార్చండి. ఈ విషయంలో మీ పిల్లల పోరు న్యాయమైనదే.

పొట్లం సరైనదే అయినా పెట్టే పద్ధతి తప్పితే వాంతి తప్పదు. ఆకలికి అలమటించిన వీధి కూన గిన్నె కనబడితే నమలకుండా మింగేస్తుంది, ఎండు గింజలు కడుపులో నీటికి ఉబ్బుతాయి, ఆ చిన్న కడుపు పట్టక తిన్నదంతా గింజలు గింజలుగానే బయటికి వస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో పది పదిహేను నిమిషాలు నానబెట్టి, చెంచాతో మెదిపి, ఒకసారికి రెండు మూడు చెంచాల కన్నా మించకుండా రోజుకు ఐదారుసార్లు పెట్టండి. గిన్నెకు బదులు వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిస్తే మింగే తొందర తగ్గుతుంది. రెండు మూడు రోజులు ఏ మార్పూ లేకుండా ఒకే తిండి పెట్టండి. ఒక్క వారంలో పాలు, బ్రెడ్డు, అన్నం, పొట్లం అన్నీ చవిచూసిన కడుపు తిరగబడటంలో ఆశ్చర్యం లేదు. ఇంకో బ్రాండు తరువాత తేవాలనుకుంటే, కొత్తదాన్ని పాతదానిలో కొంచెం కొంచెంగా కలుపుతూ వారం రోజుల మీద మార్చాలి.

వయసు రెండు నెలలేనా అన్నది కూడా ఒకసారి చూడండి. దవడ పళ్ళు ఇంకా రాకుండా, కళ్ళు ఇంకా నీలంగానే ఉంటే అది నెల దాటిన కూనే కావచ్చు. అటువంటి దానికి నానబెట్టిన తిండితో పాటు కూనల కోసం అమ్మే పాలపొడి అవసరమవుతుంది, ఎంత పోయాలో డాక్టరు చెబుతారు. ఇంకో తేడా కూడా గమనించండి. కడుపు ఎగదన్ని, వెక్కి, నాలుగైదుసార్లు బిగబట్టి కక్కితే అది వాంతి. ఏ ప్రయాసా లేకుండా, తల వంచగానే తిన్నది తిన్నట్టు గొట్టంలా జారిపడితే అది వాంతి కాదు, అన్నవాహికలో లోపం ఉండవచ్చు. ఫోనులో వీడియో తీసి ఉంచుకుంటే ఈ తేడాను డాక్టరు ఒక్క చూపులో పట్టేస్తారు.

సేమ్యా పోగు లాంటిది కదిలిందని రాశారు కదా, అది దాదాపు ఖాయంగా ఏలికపామే. తల్లి పిల్లి కండరాల్లో నిద్రాణంగా ఉన్న ఈ పురుగు పిల్లలు పాలతో పాటు కూన కడుపులోకి చేరుతాయి. అందుకే వీధిలో పుట్టిన కూనల్లో ఇవి లేని కూన అరుదు. కూన గుడ్లను మింగితే పొదిగిన పురుగు పిల్లలు ఊపిరితిత్తుల దాకా వెళ్ళి, దగ్గుతో గొంతులోకి వచ్చి, మళ్ళీ మింగబడి చిన్నపేగులో పెద్దవవుతాయి. పెద్ద పురుగు పది సెంటీమీటర్ల వరకు పెరగగలదు. ఒళ్ళు చిక్కి ఉన్నా పొట్ట మాత్రం గుండ్రంగా ఉబ్బి, బొచ్చు మెరుపు లేకుండా నిలబడి ఉండడం దీని ముఖ్యమైన గుర్తు. పురుగులు ఎక్కువైతే పేగుకు అడ్డం పడతాయి కూడా. దీనికి మంచి మందులు ఉన్నాయి, చవకైనవే. కానీ మోతాదు బరువును బట్టి ఉంటుంది. 800 గ్రాముల ఒంటికి పిల్లల నులిపురుగుల మందు చెంచా లెక్కన పోయడం ఎంత మాత్రం తగదు. వాంతి చేసుకుంటున్న కూనకు ఎప్పుడు వేయాలన్నది కూడా డాక్టరు నిర్ణయించాలి. ఒక్క మోతాదుతో పని అయిపోయిందనుకోకండి. ఆ రోజుకు పేగులోకి చేరని పురుగు పిల్లలు మిగిలి ఉంటాయి కాబట్టి రెండు వారాలకు మళ్ళీ, ఆ తరువాత ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి వేయించాలి. ఈసారి పురుగు పడితే కొంచెం నీళ్ళతో ఒక మూత ఉన్న సీసాలో వేసి తీసుకువెళ్ళండి, అసహ్యమనిపించినా డాక్టరుకు అది చాలా సంగతులు చెబుతుంది.

పైన మూడవ కారణం అన్నాను కదా, దాని పేరు పాన్‌ల్యుకోపీనియా, పిల్లి పార్వో అని కూడా అంటారు. కుక్కపిల్లలను చంపే పార్వో వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. త్వరత్వరగా పెరిగే కణాల మీదే దీని దాడి, అంటే పేగు లోపలి పొర మీద, ఎముక మూలుగ మీద. పేగు పొర ఊడిపోయి వాంతులు, విరేచనాలు అవుతాయి, మూలుగ దెబ్బతిని తెల్ల రక్తకణాలు పడిపోతాయి. ముందు తిండి మానేస్తుంది, జ్వరం వస్తుంది, తరువాత పసుపుపచ్చని పసరు కక్కుతుంది. నీళ్ళ గిన్నె ముందు తల వేలాడేసి కూర్చుంటుంది, దాహం ఉంటుంది గానీ తాగలేదు. ఆ భంగిమను ఒకసారి చూసినవారు మరచిపోలేరు. వైరస్ ఒంట్లో చేరిన వారం పది రోజుల లోపు ఈ లక్షణాలు బయటపడతాయి, కాబట్టి సెల్లారులో అంటుకుని ఉంటే ఇప్పుడిప్పుడే బయటపడే అవకాశం ఉంది. వైరస్‌ను నేరుగా చంపే మందు లేదు. సెలైన్, వాంతి ఆపే సూది, తోడుగా వచ్చే ఇన్‌ఫెక్షన్లకు యాంటీబయాటిక్ ఇస్తూ ఒంటిని నిలబెట్టడమే వైద్యం, మొదటి ఐదు రోజులు గట్టెక్కిన కూనలు చాలావరకు బతుకుతాయి. ఎంత ముందుగా మొదలుపెడితే అంత మేలు. ఆడుకుంటూ తింటున్న మీ కూనకు ఇది ఉందని నేను అనుకోవడం లేదు, కానీ పసుపు నురగ పడిందన్నారు కాబట్టి లేదని చెప్పే ధైర్యమూ చేయను. కొద్దిపాటి మలంతో నిమిషాల్లో తేలే పరీక్ష ఉంది, రక్తపరీక్షలో తెల్లకణాల సంఖ్య కూడా దారి చూపిస్తుంది. ఈ వైరస్ మనుషులకు సోకదు.

ఒకవేళ అది తేలితే, ఇల్లు కడగడం గురించి కూడా తెలుసుకోవాలి. ఈ వైరస్ గదిలో ఏడాది వరకు బతకగలదు, చెప్పులకు అంటి ఇంటింటికీ తిరుగుతుంది. సబ్బు నీళ్ళతో మురికి కడిగేసిన తరువాత, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్ఫై ఒక్క వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు నేల తడిగా ఉంచి, ఆ తరువాత మంచినీళ్ళతో తుడవాలి, ఆ సేపు కూనను ఇంకో గదిలో ఉంచాలి. వాంతి పడిన చోట అలవాటుగా ఫినాయిల్ వేస్తూ ఉంటే ఈ రోజుతో ఆపండి. ఫినాల్ జాతి మందులను పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు, నోరు పుండ్లు పడి, చొంగ కారి, మళ్ళీ వాంతులే మొదలవుతాయి. డెట్టాల్ కూడా దానికి పడదు. వాంతి శుభ్రం చేయడానికి వాడిన నేల మందే వాంతులకు కారణమైన సందర్భాలు ఉంటాయి, కాబట్టి ఏది వాడారో డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

అదే కాలేయపు బలహీనత వల్ల పారాసిటమాల్ పిల్లులకు ప్రాణాంతకం. మనిషి వేసుకునే మాత్ర ఒక్కటి పెద్ద పిల్లిని చంపడానికి చాలు, కూన సంగతి చెప్పనవసరం లేదు. ఒళ్ళు వేడిగా ఉందని పిల్లల జ్వరం సిరప్పు చుక్క కూడా వేయకండి. కలరా ఉండలు, ఎలుకల మందు, బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీ పూలు అందకుండా చూడండి. ఆ లిల్లీ పుప్పొడిని నాకినా మూత్రపిండాలు పోతాయి.

దారం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే పూజ చేసుకునే ఇళ్ళల్లో అది ఎప్పుడూ నేల మీద దొరుకుతుంది: పూలు రాలిపోయిన దండ దారం, నూలు పోగు, తోరం, కుట్టుమిషను దగ్గర పడిన ముక్క. కూనకు దారం ఆట వస్తువు. దాని నాలుక మీది ముళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయి కాబట్టి, నోట్లో పడ్డ దారాన్ని ఉమ్మలేక మింగుతూ పోతుంది. ఒక కొస నాలుక మొదట్లో చుట్టుకుని ఉండిపోయి రెండవ కొస పేగులోకి జారితే, పేగు ఆ దారం మీదికి చీర కుచ్చిళ్ళలా ముడుచుకుంటుంది, దారం బిగిసేకొద్దీ పేగు గోడను కోస్తుంది. వెలుతురులో నోరు తెరిచి నాలుక కింద ఒకసారి చూడండి. దారం కనిపించినా, మలద్వారం నుంచి వేలాడుతున్నా లాగవద్దు, కత్తిరించవద్దు, అలాగే నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఇంట్లో ఎవరైనా దారం పోయిందని అంటే, ఎంత చిన్న ముక్క అయినా డాక్టరుకు చెప్పండి.

డాక్టరును చేరేలోగా చేయవలసింది కొంచెమే. వాంతి అయిన తరువాత గంట రెండు గంటల సేపు తిండి ఆపి, చెంచా నీళ్ళు పెట్టి, అవి నిలిస్తే నానబెట్టిన తిండి ఒక చెంచా పెట్టండి. సిరంజితో బలవంతంగా నీళ్ళు పట్టించవద్దు, పొరబోతే ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. పాత తువ్వాలు మీద, ఫ్యానుకు, ఏసీకి దూరంగా, వెచ్చగా పడుకోబెట్టండి. నీరసంగా వాలిపోతుంటే గ్లూకోజు గానీ చక్కెర పాకం గానీ వేలితో చిగుళ్ళకు రాసి వెంటనే బయలుదేరండి, అది దారి ఖర్చుకు పనికివచ్చే శక్తే గానీ వైద్యం కాదు. చాలామంది కూనను చేతుల్లోనో కూరల సంచిలోనో తెస్తారు, ఆసుపత్రి గుమ్మంలో కుక్క మొరిగేసరికి అది బెదిరి రోడ్డు మీదికి దూకుతుంది. గాలి రంధ్రాలు చేసిన అట్టపెట్టె చాలు, మూత మాత్రం గట్టిగా కట్టండి. విజయవాడలో పెంపుడు జంతువుల క్లినిక్‌లు ఉన్నాయి, పక్కనే గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, దాని వైద్యశాల కూడా మీకు దూరం కాదు. బయలుదేరేముందు ఫోను చేసి పిల్లులను చూసే డాక్టరు ఆ పూట ఉన్నారా అని అడగండి. టీకాలు పడని కూన, వాంతులు అని ముందే చెబితే మిగతా కూనలతో కలవకుండా విడిగా కూర్చోబెడతారు.

మీ పిల్లల విషయానికి వస్తే, ఏలికపాము గుడ్లు మనుషుల్లోకి చేరితే కాలేయానికో, అరుదుగా కంటికో హాని చేస్తాయి. అయితే కూనను ఎత్తుకున్నంత మాత్రాన అంటుకోవు. మలంతో పడిన గుడ్డు అంటించే దశకు రావడానికి కనీసం రెండు వారాలు పడుతుంది, కాబట్టి కూన దొడ్డికి వెళ్ళే మట్టి ట్రేను రోజూ శుభ్రం చేసే ఇంట్లో భయం తక్కువ. ఆ పని పెద్దవాళ్ళు చేయాలి, మీరు గర్భంతో ఉంటే మీరు కాకుండా ఇంకొకరు చేయాలి. పిల్లలు ఆడుకున్న తరువాత, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. కూన మూతిని మూతికి ఆనించుకోవడం, ఒకే పక్కలో పడుకోవడం ప్రస్తుతానికి మానిపించండి. దీనికన్నా నాకు పెద్ద భయం రేబిస్. ఈ వారంలో అది ఎవరినైనా రక్తం వచ్చేలా కొరికి ఉన్నా, గీరి ఉన్నా, ఆడుకుంటూ జరిగినదే కదా అని వదిలేయకుండా పదిహేను నిమిషాలు ధారగా పడే నీటి కింద సబ్బుతో కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి టీకా గురించి అడగండి.

కూనకు టీకాలు వాంతులు పూర్తిగా తగ్గి, తిండి కుదిరి, బరువు పెరుగుతున్నాక వేస్తారు. వంటింటి తూకం మీద రోజూ ఒకే వేళకు తూచి రాసి పెట్టండి, వారానికి వంద గ్రాముల దాకా పెరిగితే దారిలో పడినట్టే, రెండు రోజులు వరుసగా తగ్గితే మళ్ళీ చూపించాలి. పాన్‌ల్యుకోపీనియా ఉన్న మిశ్రమ టీకాను మూడు నాలుగు వారాలకోసారి, కూనకు పదహారు వారాలు నిండేవరకు వేయించాలి, రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు. అవి పూర్తయ్యేదాకా దానిని సెల్లారులోకి దింపకండి, అక్కడి ఇతర పిల్లులతో కలవనీయకండి.